పోస్టు రొట్టె

మన్సూరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

నీకూ, బావగారికీ, మీ అత్తయ్యగారికీ నమస్కారాలు. ముందు క్షేమ సమాచారం రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు రోజూ నడుస్తున్నారా, లేక కిళ్ళీ కొట్టుదాకా వెళ్ళి రావడాన్నే నడక అంటున్నారా? సరే, ఉభయకుశలోపరి అయిపోయింది. ఇంక ఆగడం నా వల్ల కాదు. అక్కా, దొరికింది! మన పోస్టు రొట్టె దొరికింది!

నిజంగానే. నిన్న మా వంటింట్లో, మా పొయ్యి మీద, నా చేత్తో చేశాను. అడుగున ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా, వేలితో పొడిచిన చిల్లుల్లో నూనె సుయ్యిమంటూ... రాస్తుంటేనే నోరూరిపోతోంది. కాగితం తడవకుండా రాయి అని మీ మరిదిగారు పక్కనుంచి వెక్కిరిస్తున్నారు. రెండు ముక్కలు ఎక్కువ తిన్నది ఆయనే, నువ్వేం పట్టించుకోకు.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేంటే అని నవ్వుతున్నావు కదూ? ఫోనులో నీకు నచ్చని మాట రాగానే, 'ఉండవే, కుక్కర్ కూత పెడుతోంది' అని పెట్టేస్తావు. మీ ఇంట్లో ఆ కుక్కర్ పొద్దున్నుంచి సాయంత్రందాకా కూస్తూనే ఉంటుంది పాపం. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవు. చివరిదాకా చదవాల్సిందే.

ముందు నీ పందెం గుర్తు చెయ్యనీ. మేం ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైంది. రమ్మన్నప్పుడల్లా పెళ్ళిళ్ళ జాకెట్లున్నాయే, మూఢం రానీ, అప్పుడు ఖాళీ అన్నావు. మూఢం రాగానే మూఢంలో ప్రయాణమేంటే అన్నావు. ఇంకెప్పుడు తల్లీ నీ ముహూర్తం? పోయిన నెల నేను మరీ గొడవ పెట్టుకుంటే, నన్ను వదిలించుకోవడానికి, 'సరే, ఆ పోస్టు రొట్టె రుచి అచ్చం అలాగే వచ్చిందని చెప్పు, ఆ రోజే బస్సెక్కుతా' అన్నావు. దొరకదన్న ధీమాతోనే అన్నావులే, నాకు తెలియదా! కానీ నేను ఆ మాటని గట్టిగా పట్టుకున్నాను.

ఎందుకు పట్టుకున్నానో కూడా చెబుతాను, బెంగపెట్టుకోకు. మేం బాగానే ఉన్నాం. ఆయన ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలకి లెక్కలు చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తున్నారు. హారిక ఎనిమిదో తరగతి, వారంలోనే స్నేహితుల్ని చేసేసుకుంది, అప్పుడే 'ఏందమ్మా' అంటోంది. మిగిలింది నేను. పొద్దున వాళ్ళిద్దరూ వెళ్ళాక సాయంత్రందాకా ఈ వాటాలో నాతో మాట్లాడేది మిక్సీ ఒక్కటే. మొదటి నెలలో బత్తాయిలు కొందామని గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌కి ఆటో కట్టించుకుని వెళ్ళాను. మార్కెట్ అక్కణ్ణించి ఎప్పుడో తరలిపోయిందట! ఖాళీ సంచీ పట్టుకుని రోడ్డు మీద నించుంటే ఏడుపొచ్చింది. బత్తాయిల కోసం కాదులే. ఆ సంగతి చెప్పుకుని నవ్వడానికి పక్కన నువ్వు లేవని. ఇప్పుడు బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను.

ఆ బెంగలోంచే ఈ రొట్టె పిచ్చి పుట్టింది. హారిక నా భుజం మీదుగా చదువుతోంది, దానికి కథ మొదట్నుంచీ కావాలట. నీకు తెలిసిందే అయినా ఓపిక పట్టు.

నాకు ఎనిమిది, నీకు పన్నెండు. మూసారాంబాగ్‌లో పిన్ని వాళ్ళ గృహప్రవేశానికి నాన్న మనిద్దర్నీ తీసుకెళ్తున్నారు. అమ్మ రాలేదు, జాకెట్లున్నాయంది. (ఇప్పుడా కుట్టుమిషనూ నీ దగ్గరే ఉంది, ఆ మాటా నీ దగ్గరే ఉంది.) చీరాలలో చీకటితో బయల్దేరాం. అమ్మ కట్టిచ్చిన పులిహోర పిడుగురాళ్ళ రాకుండానే అయిపోయింది. మిర్యాలగూడ దాటాక బస్సు ఆగిపోయింది. ఇంజన్లోంచి పొగ. నాన్నా, కండక్టరూ మెకానిక్ కోసం వెనక్కి నడిచి వెళ్ళారు. ఎండ చుర్రుమంటోంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. నేను ఏడుపు లంకించుకున్నాను. అప్పుడు రోడ్డు పక్క గుడిసె ముందు మూడు రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ మనల్ని చెయ్యూపి పిలిచింది. గిన్నె మూత తీసి, అంచుల చుట్టూ అట్లకాడ తిప్పి, గుండ్రటి రొట్టె ఒకటి ఊడదీసి మోదుగాకులో పెట్టి ఇచ్చింది. పోస్టు సంగతేదో అన్నట్టు వినిపించింది నాకు, కాలుతుంది ఊదుకుని తినమంది. నువ్వు మధ్యకి తుంచావు, నీ సగం నీకు, నా సగం నాకు. శనగపప్పు పంటికింద పడుతోంది, వేరుశనగ గుళ్ళు, నువ్వులు, పచ్చిమిర్చి ఘాటు. నీ సగానికి ఒక పక్క అంచు మాడింది, ఆ మాడిన అంచే అన్నిటికన్నా రుచి. అంతలో బస్సు హారన్ కొట్టింది, పరిగెత్తాం. ఆవిడ పేరైనా అడగలేదు.

ఇంటికొచ్చాక నేను చేసిన పని హారికకి చెప్పాలా? చెప్పేస్తున్నాను. ఆవిడ పోస్టు మాటెత్తిందని అది పోస్టులో వస్తుందనుకుని, వాకిట్లో కాపు కాసి పోస్టుమాన్‌ని రోజూ అడిగేదాన్ని, మాకు రొట్టె వచ్చిందా అని. ఆయన సంచీ తడిమి చూసి, 'ఇంకా కాలలేదంటమ్మా, రేపొస్తుంది' అనేవాడు. అప్పట్నుంచీ మనింట్లో దాని పేరు పోస్టు రొట్టె. ఆ ముసలమ్మ అన్న అసలు మాటేంటో మనిద్దరం మర్చిపోయాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

పేరు తెలియని దాన్ని ఎలా వెతకను? హారిక ఫోనులో 'పోస్టు రొట్టె' అని కొడితే పార్సిల్ ఎలా పంపాలో చూపించింది! సరే, నాలుకకి గుర్తున్నంత మటుకు చేద్దామని నాన్‌స్టిక్ పెనం మీద పెద్ద మంట పెట్టి మొదలుపెట్టాను. మొదటిది పైన మాడి లోపల పచ్చి. రెండోది విరిచే దమ్ము మా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. మూడోది చూసి మీ మరిదిగారు, 'దీన్ని పారెయ్యకు, తలుపు పడకుండా అడ్డం పెట్టుకుందాం' అన్నారు. ఆ పూట ఆయనకి ఉప్మాయే పెట్టాను. నెల రోజులు ఇదే వరస. తలప్రాణం తోకకొచ్చింది.

ఇదిగో, ఇప్పుడు అసలు ఘట్టం. కింది వాటాలో యాదమ్మ గారని ఉంటారు. నల్లగొండ వైపు పల్లెటూరు, కొడుకు బస్సు డ్రైవరు. అప్పటిదాకా మెట్ల దగ్గర నవ్వుకోవడమే తప్ప మాటల్లేవు. రెండు ఆదివారాల కిందట తలుపు కొట్టారు. తీశాను.

"బిడ్డా, పెద్ద తపాల ఉన్నదా?"

నా బుర్రలో నెల రోజులుగా పోస్టే తిరుగుతోంది కదా! పెద్ద పోస్టాఫీసు కావాలేమో అనుకున్నాను. "పెద్దదంటే ఎల్.బి.నగర్ సెంటర్ వైపు వెళ్ళి అడగాలేమోనండీ" అన్నాను.

"ఎల్బీనగర్ దాంక ఎందుకు బిడ్డా! మీ ఇంట్ల లేదా?"

"ఇంట్లో ఎలా ఉంటుందండీ? అయినా ఇవాళ ఆదివారం, తెరవరు కూడా."

"తెర్వరా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "తపాలకు తాళమేస్తరా మీ దిక్కు?"

అంటూనే లోపలికొచ్చి, అరలో ఉన్న పెద్ద గిన్నెని వేలితో చూపించారు. "మరి గిదేంది? గిది తపాల గాదా? మా ఇంటికి సుట్టాలొచ్చిండ్రు, అన్నం వండెతందుకు అడుగుతున్న. ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదను. గిన్ని మాటలెందుకు?"

అక్కా, మనం తపేలా అంటామే, దాన్ని వాళ్ళు తపాల అంటారు! నేనక్కడే పీట మీద కూలబడ్డాను. ఆ ముసలమ్మ మాట చెవిలో గంట కొట్టినట్టు వినిపించింది. 'తపాల చెక్క బిడ్డా, కాల్తది, ఊదుకుంట తినుండ్రి.' తపాలా అంటే పోస్టనుకున్నాం మనం! తపేలాలో కాల్చే చెక్కని పట్టుకుని, పాపం ఆ పోస్టుమాన్‌ని ఎంత విసిగించాను!

యాదమ్మ గారు పరేషాన్ అయిపోయారు. "ఏమైంది బిడ్డా? కండ్లు తిరుగుతున్నయా? దవాఖానకు పోదామా?" అని నీళ్ళు తాగించారు. నేను నవ్వుతూ ఏడుస్తూ కథంతా చెప్పాను. ఆవిడ నవ్వలేక గోడ పట్టుకున్నారు. కింద చుట్టాలు ఎదురుచూస్తున్నారన్న సంగతే ఇద్దరం మర్చిపోయాం.

మర్నాడే నాకు పాఠం మొదలు. ముందు నా నాన్‌స్టిక్ పెనాన్ని చూసి మూతి తిప్పేశారు. తన మందపాటి తపేలా తెచ్చారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, దోరగా వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు, నువ్వులు, జీలకర్ర, కరివేపాకు. "ఒక ఎల్లిగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు దంచెయ్యి" అన్నారు. నేను ఉల్లిపాయ దంచాను! వాళ్ళ ఎల్లిగడ్డ అంటే మన వెల్లుల్లి. పిండి జారుగా అయిపోయి ఆ పూటకి అది దోసెల్లోకి పోయింది. "నీకు చెక్క కంటె ముందు మాటలు నేర్పాలె" అన్నారు. ఇంకోటి కూడా. నేను యాదమ్మ గారూ అంటే ఆవిడకి ఒళ్ళు మంట. "గారేంది గారు! నేనేమన్న ఆఫీసర్నా? పెద్దమ్మా అను." ఇప్పుడు పెద్దమ్మా అనే పిలుస్తున్నాను.

అసలు కిటుకంతా నిదానంలో ఉందక్కా. తపేలా అడుగున నూనె రాసి, పిండిముద్ద పెట్టి, వేళ్ళతో అడుగంతా, పక్కలకి కూడా కాస్త పైకి పల్చగా ఒత్తాలి. వేలితో చిల్లులు పొడిచి, చిల్లుకో చుక్క నూనె. మూత పెట్టి, అన్నిటికన్నా చిన్న మంట మీద వదిలెయ్యాలి. తిరగెయ్యకూడదు. అరగంట! నేను రెండు నిమిషాలకోసారి మూత తీస్తుంటే చేతి మీద ఒక్కటిచ్చారు.

"గట్ల మల్లమల్ల తీసి సూడొద్దు బిడ్డా. కండ్లతోని గాదు, చెవులతోని కాల్చాలె దాన్ని. సుయ్ సుయ్ అనుడు తగ్గినంక, కమ్మటి వాసనొచ్చినంక, అప్పుడు తియ్యాలె. ఏం పనున్నది నీకు? గూసో, మాట్లాడు."

కూర్చున్నాం, మాట్లాడుకున్నాం. ఒకటి కాలాక తపేలా అడుగుని నీళ్ళలో పెట్టి చల్లార్చి కానీ రెండోది ఒత్తకూడదు, చెయ్యి కాలుతుంది. అంటే రెండు చెక్కలకి గంటన్నర కబుర్లన్నమాట! ఈ ఎనిమిది నెలల్లో ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు. పొయ్యిని పెద్దమంట పెట్టనందుకు నాకింత లాభమొస్తుందని తెలిస్తే మొదటి రోజే సిమ్‌లో పెట్టేదాన్ని.

కానీ రుచి దగ్గరికొచ్చి ఆగిపోయింది. బాగుంది, చాలా బాగుంది, కానీ అది కాదు. పెద్దమ్మ ఆలోచించి, "కొందరు ఉల్లాకు ఏస్తరు, కొందరు సొరకాయ తురుమి ఏస్తరు. గా అవ్వ ఏమేసిందో నాకెట్ల తెలుస్తది? నీతోని తిన్న మనిషి ఉన్నది గద, మీ అక్కనడుగు" అన్నారు. ఉల్లాకంటే ఉల్లికాడలు. సొరకాయ అంటే మన ఆనపకాయ.

అందుకే గురువారం నీకు ఫోన్ చేశాను. ఇప్పుడు పెట్టెయ్యకుండా చదువు. 'అక్కా, బాగా గుర్తు తెచ్చుకో, అందులో ఉల్లికాడలున్నాయా, ఆనపకాయ తురుముందా?' అన్నాను. నువ్వేదో కుడుతూ, మిషను ఆపకుండానే, 'ఏమోనే, నేను తింటే కదా తెలియడానికి' అన్నావు. మిషను చప్పుడు ఆగిపోయింది. తర్వాత కుక్కర్ కూత పెట్టింది. నాకు మాత్రం వినపడలేదు.

ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నీ సగం నువ్వు తిన్నావు కదా, నేను చూశాను కదా అనుకున్నాను. చూశానా? కళ్ళు మూసుకుని ఎంత వెతికినా నీ నోరు కదలడం గుర్తు రాలేదు. వచ్చిందల్లా ఒకటే. నీ సగానికి అంచు మాడింది, ఆ మాడిన అంచే అన్నిటికన్నా రుచి. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో అందరికీ అదే చెబుతున్నాను. నీ సగం రుచి నా నాలుకకి ఎలా తెలిసిందే?

అప్పుడు గుర్తొచ్చింది. 'నాకు ఆకలి లేదే, బస్సు వాసనకి కడుపులో తిప్పుతోంది, నువ్వు తిను' అన్నావు. ఆకులో మిగిలిన నువ్వులు ఏరుకుని నోట్లో వేసుకున్నావు. పొద్దున్నుంచి నీకూ నాతో పాటే ఆ పులిహోర. నీకూ పన్నెండేళ్ళే. నేనేమో తిని, మూతి తుడుచుకుని, జీవితాంతం 'మనిద్దరం తిన్నాం, మనిద్దరం తిన్నాం' అని నీ ముందే కథ చెబుతుంటే, పక్కన కూర్చుని, 'అవునవును, ఎంత బాగుందో' అని తలూపావు. ఇన్నేళ్ళూ! ఎంత కోపమొచ్చిందో తెలుసా నీ మీద? నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. పైగా నిన్నే పందేనికి న్యాయం చెప్పే మనిషిని చేశాను. రుచి తెలియని దానివి, ఏమని తేలుద్దామనుకున్నావు?

నిన్న పెద్దమ్మా నేనూ కూర్చుని రెండు రకాలూ చేశాం. ఆనపకాయది కాదు. ఉల్లికాడలది నోట్లో పెట్టుకోగానే, అక్కా, ఎండ, పొగ, మోదుగాకు వాసన, నీ రెండు జడలు అన్నీ ఒక్కసారి వచ్చేశాయి. అదే! 'అదే పెద్దమ్మా, అదే!' అని అరిచాను. హారిక గెంతింది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీ అక్కను పిలువు బిడ్డా" అని ఒక్కమాటే అన్నారు.

మీ మరిదిగారు బస్సు పార్సిల్‌లో పంపిద్దామన్నారు. ససేమిరా అన్నాను. ఇది పొయ్యి దగ్గర కూర్చుని, ఊదుకుంటూ తినేది. అదీగాక పందెం నువ్వు ఓడిపోయావు. న్యాయం చెప్పేది ఇప్పుడు నేనే, కుదిరిందని తేల్చేశాను. బస్సెక్కు. జాకెట్లు నాలుగు రోజులు ఆగితే పెళ్ళిళ్ళేం ఆగిపోవు. బావగారికి నేను చెబుతాను, అత్తయ్యగారికి హారిక చెబుతుంది. అదే దారిలో వస్తావు, మిర్యాలగూడ దాటాక కిటికీ పక్కన కూర్చుని చూడు. ఎల్.బి.నగర్‌లో దిగు, మెట్రో మెట్ల దగ్గర నేను నించుని ఉంటాను, ఎంత ఆలస్యమైనా ఉంటాను.

వచ్చేటప్పుడు అటక మీదున్న అమ్మ తపేలా పట్టుకురా, ఆ మందపాటిది. పెద్దమ్మ దగ్గర ఒక్కటే ఉంది. ఒకటి చేసి మధ్యకి తుంచే పని ఇంక పెట్టుకోను. నీకో తపేలా, నాకో తపేలా. కాస్త మాగాయ కూడా తీసుకురా, పెద్దమ్మకి రుచి చూపిస్తానని మాటిచ్చాను.

అత్తయ్యగారి పాదాలకి నా దణ్ణాలు చెప్పు, మా పిల్లని దీవించమను. బావగారికి నమస్కారాలు. కాలక్షేపానికి ఆయన కూడా వస్తానంటే సంతోషం, ఆయనకీ ఓ తపేలా సంపాదిస్తాను. మా గురించి బెంగపెట్టుకోకు, చెప్పాను కదా, బాగున్నాం. నువ్వొస్తే ఇంకా బాగుంటాం. ఈ ఉత్తరాన్ని కావాలనే పోస్టులో వేస్తున్నాను, ఇన్నాళ్ళకి మనింటికి తపాలాలో రొట్టె కబురైనా రావాలి కదా.

నీ దీవెనలు కోరుకునే
చెల్లి
రాజీ

ఇంకొక్క మాట. బస్సు దిగగానే 'నాకు ఆకలి లేదే' అన్నావో, ఊరుకోను. నీ చెక్కని అంచు మాడేదాకా పొయ్యి మీదే ఉంచుతాను. ఆ అంచు నీది. ఈసారి నువ్వు తింటుంటే నేను పక్కన కూర్చుని చూస్తాను.